నీళ్లు మార్చిన రెండో రోజుకల్లా చెర్రీ రొయ్యలు పోతున్నాయి. జబ్బా, బోరు నీళ్లా?

ఒంగోలు బోరునీళ్లు:

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండడుగుల మొక్కల అక్వేరియం ట్యాంకులో చెర్రీ రొయ్యలు (అందం కోసం పెంచే చిన్న ఎర్ర మంచినీటి రొయ్యలు) వరసగా చచ్చిపోతున్నాయి. మళ్లీ మళ్లీ అడిగే పని లేకుండా లెక్కలన్నీ ఒకేసారి పెడుతున్నా.

ట్యాంకు 60 × 30 × 38 సెంటీమీటర్లు. ఇసుక, రాళ్లు పోను నీళ్లు 60 లీటర్లు. ఒక స్పాంజ్ ఫిల్టర్, 18 వాట్ల ఎల్‌ఈడీ, రోజుకి 10 గంటలు వెలుగు. మొక్కలు: అనుబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్. చేపలు: 6 గప్పీలు. మొదటి 5 వారాలు మొత్తం 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లతోనే నడిచింది, ఆ నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పులు, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 60. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాక 20 చెర్రీ రొయ్యలు వేశాను. అప్పట్నించి బోరు నీళ్లకి మారాను. వారానికోసారి 15 లీటర్లు తీసి బోరు నీళ్లు పోస్తున్నా, ఆవిరైపోయిన దానికి రోజూ ఒక లీటరు బోరు నీళ్లే కలుపుతున్నా. రెండు వారాలైంది.

బోరు నీళ్ల రిపోర్టు (రొయ్యల చెరువుల వాళ్లు వెళ్లే ల్యాబులో చేయించింది): టీడీఎస్ 1400, పీహెచ్ 8.2, హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో) 600, ఆల్కలినిటీ (బైకార్బొనేట్ ఎంతుందో) 450. ఇప్పుడు ట్యాంకులో టీడీఎస్ 860. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20.

మొదటిసారి నీళ్లు మార్చిన రెండో రోజు 3 పోయాయి, రెండోసారి మార్చాక 5. చచ్చినవాటికి తలకీ ఒంటికీ మధ్య చుట్టూ తెల్లటి గీత ఉంది. గప్పీలకి ఏమీ కాలేదు. క్రిప్టోకొరైన్ ఆకులు కరిగిపోయి జిగురుగా ఊడుతున్నాయి, అనుబియాస్ ఆకుల మీద పచ్చటి పాచి మచ్చలు. ఇది వైరస్సా? చెరువులకి వాడే అయోడిన్ గానీ మినరల్ గానీ వేయొచ్చా? పైగా మే నెల వస్తోంది, కరెంటు కోతలు మొదలయ్యాయి. ఏం చేయమంటారు?

పెన్నా గట్టు:

అన్నా, ఇది జబ్బు కాదు. ఏ మందూ వేయొద్దు. లెక్కలు ఇంత వివరంగా ఇచ్చావు కాబట్టి కారణం అందులోనే కనిపిస్తోంది.

ఒకసారి చూడు. మొదట 60 లీటర్లలో టీడీఎస్ 60. రోజూ లీటరు బోరు నీళ్లు కలిపితే ఆవిరయ్యేది నీరే, ఉప్పులు కిందనే ఉండిపోతాయి. ఒక్కో లీటరుతో 1400 మిల్లీగ్రాములు దిగుతాయి, అంటే రోజుకి 23 పాయింట్లు. వారానికి 163. అట్టా 223కి చేరింది. అప్పుడు 15 లీటర్లు మార్చావు, ఒక్క దెబ్బకి 517. ఇంకో వారానికి 680, మళ్లీ మార్చేసరికి 860. నీ మీటరు చూపిస్తున్నది సరిగ్గా అదే. రెండు వారాల్లో నీళ్లు పద్నాలుగు రెట్లు చిక్కబడ్డాయి. ఇందులో సగానికి పైగా రెండే రెండు రోజుల్లో, గంట లోపల జరిగింది.

ఆ తెల్ల గీత కుబుసం సరిగా విడవలేకపోయినదానికి గుర్తు. రొయ్య కుబుసం విడిచే ముందు పాత గుల్లలోని కాల్షియం కొంత వెనక్కి లాక్కుంటుంది, లోపల కొత్త పొర తయారు చేసుకుంటుంది, తర్వాత నీళ్లు పీల్చుకుని ఉబ్బి తల వెనక కీలు దగ్గర పాత గుల్లని చీలుస్తుంది. అక్కడ మీద వైపు మాత్రమే చీలాలి, అప్పుడే వెనక్కి వంగి బయటికి దూకగలదు. బయటి నీళ్లలో ఉప్పులు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా లోపల ఇంకా సిద్ధం కాకముందే కుబుసం మొదలవుతుంది. చీలిక చుట్టూతా తిరిగిపోతుంది, కాళ్లు పాత గుల్లలోనే ఇరుక్కుంటాయి. గప్పీకి ఈ ఇబ్బంది లేదు, పైగా దానికి గట్టి నీళ్లంటేనే ఇష్టం. అందుకే చేపలు బాగున్నాయి, రొయ్యలు పోయాయి.

క్యాన్ నీళ్లు మాత్రమే పోసినా ఎక్కువ కాలం నడవదు. 60 టీడీఎస్‌లో గుల్లకి కావలసిన కాల్షియం, మెగ్నీషియం చాలవు, కొన్నాళ్లకి మెత్తటి గుల్లతో పోతాయి. రెండూ కలపాలి. చెర్రీ రొయ్యకి హార్డ్‌నెస్ 6 నుంచి 10 డిగ్రీలు, కార్బొనేట్ హార్డ్‌నెస్ (నీ రిపోర్టులో ఆల్కలినిటీ అన్నది అదే) 2 నుంచి 6 డిగ్రీలు, టీడీఎస్ 150 నుంచి 300 మధ్య ఉంటే చాలు.

నీ రిపోర్టుతో కలిపే కొలత ఇదీ: 20 లీటర్ల క్యానులో 3 లీటర్లు బోరు, 17 లీటర్లు ఆర్వో (ఆ మినరల్ వాటర్ క్యాన్ నీళ్లే). టీడీఎస్ 260 దాకా వస్తుంది. హార్డ్‌నెస్ 600లో 15 శాతం అంటే 90 పీపీఎం (లీటరుకి 90 మిల్లీగ్రాములు), ఒక డిగ్రీకి 17.8 చొప్పున అది 5 డిగ్రీలు. ఆల్కలినిటీ 67, అంటే 4 డిగ్రీల లోపు, అది సరిపోతుంది. హార్డ్‌నెస్ ఒక్కటే ఇంకో 2 డిగ్రీలు కావాలి. దానికి 20 లీటర్లకి కాల్షియం సల్ఫేట్ 0.9 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.45 గ్రాము. కాల్షియం సల్ఫేట్ ల్యాబ్ కెమికల్స్ షాపులో దొరుకుతుంది, పొలానికి చల్లే జిప్సం మాత్రం వద్దు, అందులో మట్టి ఎంతుందో తెలీదు. నగలు తూచే చిన్న కాటా ఒకటి కొనుక్కో, చెంచా లెక్క పనికిరాదు. కాల్షియం సల్ఫేట్ నెమ్మదిగా కరుగుతుంది, రాత్రి కలిపి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఉదయానికి వాడు. చివరికి టీడీఎస్ 300 దగ్గర నిలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 860 నుంచి 300కి ఒక్కసారి దించావో, మిగిలిన 12 కూడా పోతాయి. రెండ్రోజులకోసారి 6 లీటర్లు మాత్రమే తీసి, ఈ కలిపిన నీళ్లని ఎయిర్ ట్యూబుకి ముడి వేసి చుక్కలు చుక్కలుగా గంటసేపు వదులు. మొదటిసారి 56 పాయింట్లు తగ్గుతుంది, పదోసారికి 495కి వస్తుంది, ఇరవయ్యోసారికి 370 దరిదాపులకి. అంటే 40 రోజులు. తొందరపడొద్దన్నా, బతికున్నవి ఈ నీళ్లకి కొంత అలవాటు పడ్డాయి. ఆ తర్వాత వారానికి 6 లీటర్లు చాలు.

ఆవిరైన దానికి ఆర్వో నీళ్లు మాత్రమే పోయాలి. కలిపిన నీళ్లు కూడా పోయకూడదు.

క్యాన్ నీళ్లు ప్రతిసారీ మీటరుతో చూడు. ఒకే ప్లాంటు నుంచి ఒక వారం 40, ఇంకో వారం 150 రావచ్చు. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే దానికి టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది, అది బోరు నీళ్లని కొంచెం పక్కదారిన కలుపుతుంది. ట్యాంకు నీళ్లు పట్టేటప్పుడు దాన్ని పూర్తిగా కట్టెయ్. ఏసీ నించి కారే నీళ్లకి టీడీఎస్ తక్కువే కానీ అవి రాగి గొట్టాల మీదుగా వస్తాయి, రొయ్యల ట్యాంకులో చుక్క కూడా వద్దు.

రొయ్యల ల్యాబ్, కోట:

పై లెక్క సరైనదే. ల్యాబు రిపోర్టు చదవడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ రిపోర్టు తీసుకోవడం తేలిక, అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది.

చెరువుల ల్యాబుల్లో హార్డ్‌నెస్, ఆల్కలినిటీ రెండూ కాల్షియం కార్బొనేట్ లెక్కన పీపీఎంలో ఇస్తారు. అక్వేరియం వాళ్లు డిగ్రీల్లో మాట్లాడతారు. ఒక డిగ్రీకి 17.8 పీపీఎం. మీ బోరు హార్డ్‌నెస్ 33 డిగ్రీలు దాటింది, ఆల్కలినిటీ 25 డిగ్రీలు. టీడీఎస్ మీటరు ఈ తేడా చెప్పదు. అది కరెంటు ఎంత పారుతోందో కొలిచి లెక్క కడుతుంది, అంతే. తీరం దగ్గర బోర్లలో టీడీఎస్ 1400 అంటే అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పే కావచ్చు. లోపలి మండలాల్లో అదే 1400లో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ ఉండొచ్చు. అందుకే పక్కింటి వాళ్ల కొలత మీ ట్యాంకుకి పనికిరాదు. మీ బోరు నీళ్లకి మీ రిపోర్టే కావాలి. ఎండాకాలం నీటిమట్టం దిగినప్పుడు ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించండి.

అయోడిన్ గురించి అడిగారు. వద్దు. చెరువుల షాపులో సగం మందులు క్రిములని చంపడానికే ఉన్నాయి. బెంజల్కోనియం, ఫార్మలిన్, బ్లీచింగ్ పౌడర్, కాపర్ సల్ఫేట్, ఇవేవీ రొయ్యలున్న చిన్న ట్యాంకులోకి రాకూడదు. ఎకరం చెరువులో నీళ్లు లక్షల లీటర్లు. అక్కడి మోతాదుని 60 లీటర్లకి దించేటప్పుడు తూకంలో అర గ్రాము తేడా వచ్చినా ప్రాణాంతకం. పైగా ఫిల్టరులో నైట్రైట్‌ని తినే బాక్టీరియా కూడా వాటితోనే చస్తుంది. రాగి మరీ ప్రమాదం, చేపల తెల్లమచ్చ మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, సీసా మీద చదవండి. చెరువు మినరల్ మిక్స్ కూడా అక్కర్లేదు. అది తక్కువ ఉప్పదనంలో వనామీ (చెరువుల్లో పెంచే రొయ్య) పెంచేవాళ్ల కోసం పొటాషియం, మెగ్నీషియం క్లోరైడ్లతో చేసినది. చెర్రీకి కావలసింది కాల్షియం, దానితోపాటు కాస్త మెగ్నీషియం.

అదే షాపులో పనికొచ్చేవి మూడు ఉన్నాయి. ఒకటి, అమ్మోనియా, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ చుక్కల కిట్లు. అక్వేరియం కిట్ల కన్నా చవక. రెండోది సోడియం థయోసల్ఫేట్. మున్సిపాలిటీ నీళ్లు వాడేవాళ్లకి క్లోరిన్ తీయడానికి ఇది. 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి పెట్టుకుంటే, 20 లీటర్లకి 2 మిల్లీలీటర్లు చాలు. క్లోరిన్ ఒక పీపీఎం పైన కొంచెం ఉన్నా విరిచేస్తుంది. లేదంటే ఎయిర్ స్టోన్ పెట్టి 24 గంటలు వదిలేసినా పోతుంది. మూడోది జియోలైట్, అమ్మోనియా పెరిగినప్పుడు సంచిలో కట్టి ఫిల్టరు పక్కన వేయడానికి. మంచినీటిలో బాగా పట్టుకుంటుంది. కానీ దాన్ని తీయకుండా ట్యాంకులో ఉప్పు వేశారా, పట్టుకున్న అమ్మోనియా అంతా వదిలేస్తుంది.

అమ్మోనియా మీకు సున్నా ఉంది, సంతోషం. కానీ ఈ పీహెచ్‌లో దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కిట్టు చూపేది మొత్తం అమ్మోనియా. పీహెచ్ 7, వేడి 30 డిగ్రీలు ఉంటే అందులో విషపు భాగం ఒక శాతం కన్నా తక్కువ. అదే వేడిలో పీహెచ్ 8.2 ఉంటే 11 శాతం. కిట్టు మీద అదే రంగు, ట్యాంకులో విషం పద్నాలుగు రెట్లు.

ఇంకొక సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. దోమల మందు. ప్లగ్గులో పెట్టే ద్రవం, చుట్ట, స్ప్రే, అన్నిటిలోనూ పైరెథ్రాయిడ్ మందులే. మనిషికి ఏమీ అనిపించని మోతాదు రొయ్యకి చాలు, ఎందుకంటే అది పురుగు జాతికి దగ్గరి చుట్టం. ట్యాంకు గదిలో అవి వద్దు. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు కిటికీ మూసి ఎయిర్ పంపుని అరగంట ఆపండి. ఎందుకంటే పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. కొత్త మొక్కలు కొన్నప్పుడు కూడా ఇదే భయం. నర్సరీలో మందు కొట్టి ఉంటే ఆకులోంచి వారం దాకా దిగుతుంది. వేరే బకెట్లో పది రోజులు ఉంచి, రెండ్రోజులకోసారి నీళ్లు మార్చి అప్పుడు ట్యాంకులో నాటండి. నత్త గుడ్లు, హైడ్రా (మొక్కలకి అంటుకుని వచ్చే చిన్న జలచరం) పోవాలంటే దానికి ముందు లీటరుకి 10 గ్రాముల పటిక కలిపిన నీళ్లలో రెండు మూడు గంటలు ముంచి బాగా కడగాలి.

చివరగా, చెరువు రొయ్యని గానీ, కాలవలో వల వేసి పట్టిన రొయ్యని గానీ ఈ ట్యాంకులో వేయొద్దు. వనామీ ఉప్పునీటి ప్రాణి. కాలవలో దొరికే చిన్నవి చాలావరకు నీలకంఠ రొయ్య జాతి పిల్లలు. గోళ్లు పొడుగయ్యాక చెర్రీలని, గప్పీలని కూడా పట్టుకు తింటాయి. వాటితోపాటు రొయ్యల తెల్లమచ్చ వైరస్ కూడా రావచ్చు (చేపల తెల్లమచ్చ వేరు). అలాగే ట్యాంకు నీళ్లు, పీకేసిన మొక్కలు చెరువు కాలవల్లో పారబోయొద్దు. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోయండి.

మార్కాపురం పలక:

నీళ్ల గురించి పైవాళ్లు చెప్పేశారు, నేను మొక్కల సంగతి చెప్తాను.

క్రిప్టోకొరైన్ కరిగిపోవడం చూసి పీకి పారేశారేమో, పీకొద్దు. నీళ్లు మారినా, చోటు మారినా అది ఆకులు వదిలేస్తుంది. కుళ్లిన ఆకుల్ని కాడ దగ్గర కత్తిరించండి, వేరు గట్టిగా ఉంటే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వస్తుంది. ఇప్పుడు 40 రోజులు నీళ్ల టీడీఎస్ దిగుతుంది కాబట్టి ఇంకొన్ని ఆకులు పోవచ్చు, అప్పుడూ కదపొద్దు. వాలిస్నేరియా గట్టి నీళ్లలోనే బాగా పెరుగుతుంది, నీళ్లలో బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. నీళ్లు మెత్తబడ్డాక కాస్త నెమ్మదిస్తుంది, అంతే. అనుబియాస్, జావా ఫెర్న్‌ల దుంప ఇసుకలో పూడ్చి ఉంటే వెంటనే బయటికి తీసి రాయికి దారంతో కట్టండి. పూడ్చితే దుంప కుళ్లుతుంది.

పచ్చ మచ్చలకి కారణం 10 గంటల వెలుగు. అనుబియాస్ నెలకో ఆకు వేసే మొక్క, ఆకు అంతకాలం వెలుగులో ఉంటే పాచి పట్టక మానదు. 6 గంటలు చేయండి. అనుబియాస్‌ని వాలిస్నేరియా నీడలోకి జరపండి. పైన కొద్దిగా అంతరతామర వదిలితే వెలుగు తగ్గుతుంది, నైట్రేట్ కూడా లాగుతుంది, దాని వేళ్లలో రొయ్య పిల్లలు మేస్తాయి. నీటిపై మూడో వంతుకి మించి పరచుకోనివ్వకండి.

ఎరువు. సీసాలో నీళ్లకి డబ్బులు పెట్టక్కర్లేదు, పురుగుమందుల షాపులో ఉన్నదే. 13-0-45, అది పొటాషియం నైట్రేట్. 0-52-34, అది మోనో పొటాషియం ఫాస్ఫేట్. పావు లీటరు ఆర్వో నీళ్లలో మొదటిది 25 గ్రాములు, రెండోది 2 గ్రాములు కలిపి ఉంచండి. వారానికి 5 మిల్లీలీటర్లు వేస్తే 60 లీటర్లలో నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.5 పీపీఎం పెరుగుతాయి. మీకిప్పుడు నైట్రేట్ 20 ఉంది కాబట్టి 10కి దిగేదాకా ఏమీ వేయొద్దు. 19-19-19 మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు, 12-61-0 కూడా. వాటిలో నత్రజని అమ్మోనియా రూపంలో, 19-19-19లో యూరియాగా కూడా ఉంటుంది. పొలానికి వరం, ట్యాంకుకి విషం. పొలాల సూక్ష్మపోషకాల పొడిలో జింకు, రాగి ఎక్కువ, అదీ వద్దు. ఇనుము కావాలంటే డీటీపీఏ రకం (ఇనుముని నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థం అది) విడిగా కొనండి, ఈడీటీఏ రకం మీ పీహెచ్‌లో నిలవదు. వారానికి 0.1 పీపీఎం మించొద్దు.

లిక్విడ్ కార్బన్ అని అమ్మేది గ్లూటరాల్డిహైడ్. వాలిస్నేరియాని కరిగిస్తుంది, రొయ్యలకీ మంచిది కాదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఈ నాలుగు మొక్కలకి అవసరమే లేదు.

అడుగున ఏముందో మీరు చెప్పలేదు. గూడూరు వైపు నుంచి వచ్చే తెల్ల సిలికా ఇసుక అయితే నిశ్చింతగా ఉండొచ్చు, అది నీళ్లని మార్చదు. కొత్తపట్నం, మైపాడు బీచి ఇసుకలో గవ్వల పొడి ఉంటుంది, ఎంత కడిగినా హార్డ్‌నెస్ పెంచుతూనే ఉంటుంది. పెన్నా ఇసుక వాడొచ్చు, జల్లించి నీళ్లు తేటపడేదాకా కడిగి. అనుమానం ఉంటే గుప్పెడు ఇసుక మీద నిమ్మరసం గానీ బాత్రూం యాసిడ్ నాలుగు చుక్కలు గానీ వేసి చూడండి, నురగ వస్తే సున్నం ఉన్నట్టే. రాళ్లకీ అదే పరీక్ష. మా మార్కాపురం పలకరాయి ట్యాంకుకి బంగారం లాంటిది. నల్లగా, పొరలు పొరలుగా ఉంటుంది, రొయ్య ఎరుపు దాని మీద ఎత్తి చూపుతుంది, రెండు పలకల మధ్య సందులో కుబుసం విడిచిన రొయ్య దాక్కుంటుంది. తెల్ల చారలున్న ముక్కల్ని, ఇత్తడిలా మెరిసే రవ్వలున్న ముక్కల్ని పక్కన పెట్టేయండి, అంచుల్ని మరో పలకతో అరగదీయండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్కలు కూడా పనికొస్తాయి, పాలిష్ చేయనివైతే. పాలిష్ పలకల్లో జిగురు పూసి ఉంటుంది.

నల్లరేగడి మట్టి అడుగున వేయాలని కొందరికి ఆశ ఉంటుంది. అందులో సున్నపు గడ్డలుంటాయి, ఒకసారి కదిలితే నీళ్లు వారం దాకా తేరుకోవు. మీ బోరు నీళ్లతో ఆక్వాసాయిల్ (అక్వేరియం మొక్కల కోసం అమ్మే మట్టి గుళికలు) కూడా దండగే. అది ఆల్కలినిటీని మింగుతూ పీహెచ్ దించుతుంది, 25 డిగ్రీల ఆల్కలినిటీకి కొద్ది నెలల్లోనే సత్తువ అయిపోతుంది. ఇసుకలో వేర్ల దగ్గర ఎరువు బిళ్ల గుచ్చండి, క్రిప్టోకొరైన్‌కి, వాలిస్నేరియాకి అదే చాలు.

కందుకూరు ఎండ:

మే నెల సంగతి అడిగారు కదండీ. చెర్రీలకి 28 దాకా హాయి, 30 దాటితే గుడ్లు వదిలేస్తాయి, 33 పైన రోజుల తరబడి ఉంటే పోతాయి. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాములు, 33 దగ్గర 7.2. అదే సమయంలో రొయ్య, చేప, బాక్టీరియా అన్నీ ఎక్కువ పీలుస్తాయి. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజనే తీసుకుంటాయి. తెల్లవారుజామున రొయ్యలన్నీ పైకెక్కి ఫిల్టరు గొట్టం దగ్గర గుంపు కట్టాయంటే అదే కారణం.

లైటు సాయంత్రం 5 నుంచి రాత్రి 11 వరకు పెట్టండి, మధ్యాహ్నపు ఎండకి లైటు వేడి తోడవకుండా ఉంటుంది. మూత తీసి దోమతెర కట్టి, 12 వోల్టుల చిన్న ఫ్యాను నీటి మీదకి ఏటవాలుగా తిప్పండి. పొదిలి, కనిగిరి లాంటి పొడి ఊళ్లలో 3, 4 డిగ్రీలు దిగుతుంది. ఒంగోలులో సముద్రపు గాలి తేమ వల్ల 2 డిగ్రీలే రావచ్చు. ఫ్యాను పెట్టినప్పుడు ఆవిరి రెట్టింపు అవుతుంది, రోజూ 2 లీటర్ల ఆర్వో సిద్ధంగా ఉంచుకోండి. ఇక్కడ బోరు పోస్తే ఏమవుతుందో పైన లెక్క చూశారు.

ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు. అర లీటరు సీసాలో నీళ్లు గడ్డ కట్టించి తేలేయండి. ఒక్క సీసా పూర్తిగా కరిగి నీళ్ల వేడికి చేరేసరికి 60 లీటర్లలో ఒక డిగ్రీ తగ్గుతుంది. మధ్యాహ్నం 12కి ఒకటి, 3కి ఒకటి చాలు. రాత్రి తనంతట తనే చల్లబడుతుంది. రోజుకి 5 డిగ్రీలు ఊగడం కన్నా 31 దగ్గర నిలకడగా ఉండడమే నయం.

కరెంటు కోతకి: 3 వాట్ల డీసీ ఎయిర్ పంపు, 12 వోల్టులు 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ. సగం ఛార్జి మాత్రమే వాడుకున్నా 10 గంటలు పైనే వస్తుంది. స్పాంజ్ ఫిల్టరు ఉన్నందుకు మీరు అదృష్టవంతులు, ఒకే గాలి గొట్టంతో ఆక్సిజనూ, వడపోతా రెండూ నడుస్తాయి. క్యానిస్టర్ ఫిల్టరు (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టరు) ఉన్నవాళ్లు మూడు నాలుగు గంటల కోత తర్వాత దాన్ని నేరుగా ఆన్ చేయకూడదు, లోపల నిలిచిన నీళ్లు పారబోసి అప్పుడు తగిలించాలి. ఎయిర్ పంపు నీటిమట్టం కన్నా పైన పెట్టండి, కింద పెడితే కరెంటు పోగానే గొట్టంలోంచి నీళ్లు వెనక్కి దిగి పంపు చస్తుంది.

కోతల రోజుల్లో మేత సగం చేయండి. ట్యాంకులో పాచి ఉన్నంతకాలం 12 రొయ్యలకి వారానికి మూడుసార్లు మేత చాలు. రెండు గంటల్లో తినంది తీసేయండి. ఎండి రాలిన బాదం ఆకు ఒకటి ఉడికించి వేస్తే రెండు వారాలు మేస్తాయి, ఉడికించిన మునగాకు రెబ్బ అన్నా ప్రాణం. రోడ్డు పక్క దుమ్ము పట్టిన ఆకులు కాకుండా దొడ్లో చెట్టువి తెచ్చుకోండి. విడిచిన కుబుసం మాత్రం తీయొద్దు, దాన్నే తిని కాల్షియం తిరిగి తెచ్చుకుంటాయి. కుబుసం అద్దంలా ఉంటుంది, వెనక చీలి ఉంటుంది. గులాబీ రంగులో, లోపల గుజ్జు కనబడితే అది చచ్చిన రొయ్య, వెంటనే తీసేయాలి.

ఒంగోలు బోరునీళ్లు:

అందరికీ చాలా థ్యాంక్సండీ. రోజూ కలిపే లీటరు ఇంత పని చేస్తుందని అనుకోలేదు. అడుగున సిలికా ఇసుకే, నిమ్మరసం పరీక్ష కూడా చేశాను, నురగ రాలేదు. దోమల మందు ప్లగ్గు అదే గదిలో ఉంది, ఇప్పుడే తీసేశాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఎప్పటికీ క్యాన్లు కొనడం కష్టం, వాన నీళ్లు వాడొచ్చా? గప్పీలని ఉంచాలా, తీసేయాలా?

పెన్నా గట్టు:

వాన నీళ్లు ఆర్వో కన్నా మంచివే అన్నా. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ, అప్పుడే పట్టుకోవాలి. మొదటి అరగంట వాన మిద్దెని కడగడానికి వదిలెయ్, తర్వాత పట్టు. మిద్దెకి సున్నం కొట్టి ఉంటే టీడీఎస్ పెరుగుతుంది, మీటరు 30 లోపు చూపిస్తే నిల్వ చేసుకో. డ్రమ్ము తిండి వస్తువులకి వాడిందే కావాలి, రసాయనాల డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి గుడ్డ బిగించి కట్టు. ఆరోగ్య శాఖ వాళ్లు దోమల లార్వా మందు పోయడానికి వస్తే ఆ డ్రమ్ములో పోయనివ్వొద్దు, మూత చూపించి చెప్పు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఉంటే, వారానికి 6 లీటర్లు మార్చి, చలికాలంలో ఆవిరికి పోస్తూ మూడున్నర నెలల దాకా సర్దుకోవచ్చు. కలిపే కొలత మారదు, 17 లీటర్లు వాన నీళ్లు, 3 లీటర్లు బోరు, పైన చెప్పిన రెండు పొడులు.

గప్పీల సంగతి. పెద్ద రొయ్యల జోలికి రావు, పిల్లల్ని మాత్రం దొరికినన్ని తింటాయి. పుట్టినప్పుడు రొయ్యపిల్ల రెండు మిల్లీమీటర్లే. నీకిప్పుడు 12 మిగిలాయి, మంద పెరగాలంటే గప్పీలని వేరే తొట్టికి మార్చు. ఉంచాలనే ఉంటే జావా మాస్ పిడికెడంత ముద్దలు మూడు, పలకల సందులు ఇంకొన్ని పెట్టు, కొన్ని పిల్లలు బతుకుతాయి.

మార్కాపురం పలక:

నేనైతే గప్పీలని తీసేయమంటాను. ఈ 40 రోజులు నీళ్ల టీడీఎస్ దిగేటప్పుడు గుడ్లున్న ఆడ రొయ్య ఒక్కటి నిలిచినా చాలు, మూడు నాలుగు వారాల్లో ఇరవై, ముప్పై పిల్లల్ని ఇస్తుంది. వాటిని తినే నోరు ట్యాంకులో ఉండకూడదు.

పెన్నా గట్టు:

అదీ నిజమే. ఇంకొకటి అన్నా, మంద తగ్గిందని ఇప్పుడే చెన్నై కొళత్తూరు (అక్వేరియం చేపల బజారు) వెళ్లి కొత్తవి తేవద్దు. ట్యాంకు టీడీఎస్ 350 లోపు వచ్చి, రెండు వారాలు ఒక్క చావూ లేకుండా ఉంటే అప్పుడు తెచ్చుకో. తెచ్చిన రోజు కవరులో నీళ్ల టీడీఎస్ కొలువు. ట్యాంకుకీ దానికీ 100 తేడా ఉంటే రెండు గంటలు, 200 ఉంటే నాలుగు గంటలు, సెకనుకి ఒకటి రెండు చుక్కల చొప్పున వదిలి కలుపు. కవరు నీళ్లు ట్యాంకులో పోయకుండా రొయ్యల్ని వలతో ఎత్తి వెయ్.